మాణిక్యాలరావు గారి మీసానికి వన్స్ మోర్

కొత్తపేట కళాసమితి హాల్లో ఇరవై ఏళ్లు తెర తాడు లాగినవాణ్ణి నేను. అంచేత రాహేలు గారి గురించి నా మాట నమ్మొచ్చు. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే మదర్ గారు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. నా మోకాళ్లు ఇప్పటికీ నొప్పే.

రాహేలు గారు డ్రాయింగు టీచరు. పిల్లల కథలు తనే రాసి, బొమ్మలూ తనే వేసేవారు. అచ్చువేసేవాళ్లు దొరక్క అవన్నీ అప్పటికి పధ్నాలుగేళ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. 1979 వేసవిలో, అమలాపురంలో ఎవరో కవిగారిని నెల్లాళ్లు అట్టేపెట్టుకుని మేపుతున్నారని మా సమితికి కబురొచ్చింది. మేం ఊరుకుంటామా? రాహేలు గారికి మేకప్ గది నలభై రోజులు ఇచ్చేశాం. రోజుకో సభ్యుడి ఇంటినుంచి భోజనం కేరేజీ. నలభయ్యో రోజున ఓ కొత్త కథ స్టేజీ మీద పిల్లలకి చూపించాలి. అది ప్రెసిడెంటు గారికి నచ్చితే సమితే అచ్చు వేయిస్తుంది. నచ్చకపోతే ట్రంకుపెట్టె ఉండనే ఉంది.

ప్రెసిడెంటు మాణిక్యాలరావు గారు. ఏ నాటకంలోనైనా రాజు వేషం ఆయనదే. రాజు లేని నాటకమైతే ఆయన కోసం ఒక రాజుని పెట్టేవాళ్లం. ఒకప్పుడు ఆయన పద్యం పాడితే జనం వన్స్ మోర్ అని అరిచేవారు. అరిస్తే మళ్లీ పాడాల్సిందే, అది నాటకాల రివాజు. అయితే జొన్నాడలో ఆడినప్పుడు పద్యం మధ్యలో ఆయన పెట్టుడు మీసం ఊడిపడింది. ఆ తర్వాత పదేళ్లూ ఒక్క వన్స్ మోర్ లేదు. మీసం మాట సమితిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

ముప్పై రోజులు గడిచినా రాహేలు గారికి కథ తట్టలేదు. రోజూ రిహార్సలు చూడడం, కాగితాలు చింపడం. ఒకరోజు నేను కేరేజీ పట్టుకెళితే, "దేవదానం గారూ, నవ్వొచ్చేది ఒకటి చెప్పండి. లేకపోతే రేపు ఇంటికి పోతాను" అన్నారు.

చెప్పాను. నాటకంలో రాజుగారి మీసం ఊడిందన్నాను. అది నిజం. ఆ మీసాన్ని ఓ కప్ప ఎత్తుకుపోయి, మూతికి పెట్టుకుని, కాలవలో కప్పలన్నిటికీ రాజైందన్నాను. అదీ ఇంచుమించు నిజమే.

"ఎవరి మీసమండీ?"

"మీకు తెలీదులెండి. పొరుగూరి ఆయన."

కాగితం బొమ్మలు వెనక బెంచీలకి కనపడవని, ఆవిడ హాలు తలుపులు వేసుకుని, పాత దర్బారు తెరని తిరగేసి కట్టించి, దాని వెనకవైపు కథంతా పైనుంచి కిందికి వేశారు. మా తెరలు వెదురుబొంగుకి చుట్టుకుంటూ పైకి పోతాయి. నేను తాడు వదిలేకొద్దీ బొమ్మ తర్వాత బొమ్మ దిగుతుంది. పుస్తకం ఆవిడది, పేజీలు తిప్పేది నేను.

నలభయ్యో రోజు హాలు నిండా పిల్లలు. ముందు కుర్చీలో ప్రెసిడెంటు గారు. మొదటి బొమ్మ కోట. రెండో బొమ్మ రాజు. ఆ ఉబ్బిన బుగ్గలు, ఆ నుదుటి మీద పుట్టుమచ్చ! రోజూ రిహార్సల్లో చూసిన మొహమే ఆవిడ చేతిలోకి వచ్చేసింది. నాకు చెమటలు పట్టి తాడు జారిపోయింది. మీసం ఊడిన బొమ్మ, కప్ప పెట్టుకున్న బొమ్మ ఒక్కసారే దిగాయి. పిల్లలు బెంచీలెక్కి నవ్వారు.

"దేవదానం! ఎత్తెయ్ తెర!" ప్రెసిడెంటు గారు లేచారు.

రాహేలు గారు ఆయన మొహం చూశారు, బొమ్మ మొహం చూశారు. "అయ్యయ్యో, మీరేనాండీ?" అన్నారు. ఆవిడ చేతిలో బొమ్మలు చూపించే కర్ర కింద పడింది.

నేను తాడు లాగాను. మీసం పైకి పోయింది. వెంటనే హాలంతా ఒకటే అరుపు: "వన్స్ మోర్! వన్స్ మోర్!"

స్టేజీ ఎక్కబోతున్న ఆయన రెండో మెట్టు మీద ఆగిపోయారు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు.

"దింపమంటారా అండీ?" అన్నాను.

"వన్స్ మోర్ అంటుంటే దింపక ఛస్తావా? రివాజు తెలీదూ?"

దింపాను. మళ్లీ అదే నవ్వు. ఆయన స్టేజీ ఎక్కి ఆవిడ పక్కన నిలబడ్డారు. "రాహేలు గారూ, మీసం ఊడేక రాజు ఏం చేసేడో వెయ్యలేదేంటండి?"

"నాకు తెలీదండీ."

"పద్యం ఆపేడనుకున్నారా? చూడండి." ఎడం చేత్తో పైపెదవి మూసుకుని, కుడిచెయ్యి పైకెత్తి, ఆ జొన్నాడ పద్యం అందుకున్నారు. పిల్లలు వన్స్ మోర్ అన్నారు. నాలుగుసార్లు పాడించారు. అయిదోసారి ఎవరూ అడక్కుండానే పాడారు.

పుస్తకం అచ్చు వేయించే తీర్మానం మీద అక్కడే సంతకం పెట్టారు. రెండు షరతులు: చివరి పేజీలో మూతి మూసుకుని పాడే రాజు ఉండాలి, మీసం ఇంకో జానెడు పొడుగుండాలి.

"ఆయ్, అలాగేనండి" అన్నారు రాహేలు గారు, కళ్లు తుడుచుకుంటూ.

క్రిస్మస్‌కి పుస్తకం వచ్చింది. తర్వాత ఆవిడవి ఇంకో ఆరు వచ్చాయి. ప్రతిదాంట్లోనూ ఓ మూల మీసాల కప్ప ఉంటుంది.

ఆ నలభయ్యో రోజున మాత్రం, స్టేజీ మెట్లు దిగుతూ ప్రెసిడెంటు గారు ఆగారు. "మీసం సరే, ఆ కప్పేంటండి? జొన్నాడలో కప్ప లేదే. ఎవరు చెప్పేరు మీకు?"

రాహేలు గారు నా వైపు తిరిగారు. అప్పటికే నేను తెర వెనక, చిక్కు పడని తాడుకి చిక్కులు విప్పుతున్నాను.