రేపు తీసేయాల్సిన చుక్క

లిఫ్టులకు కంట్రోలరు బోర్డులు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో అందరికీ ఆవిడ పిన్నే. నిజానికి ఆ వరస యజమాని ఒక్కడికే కలుస్తుంది, అతను ఆవిడ అక్క కొడుకు. అతను పిలవగా పిలవగా టంకం పెట్టేవాళ్ళూ, వ్యాను నడిపే అతనూ, ఆఖరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్‌ కూడా పిన్నీ అనడం మొదలుపెట్టారు. ఆవిడ కూడా ఆ వరసను బాగానే వాడుకుంది. ఎవరినైనా, యజమానినైనా సరే, నిలబెట్టి చీవాట్లు పెట్టగలదు.

ఆవిడకు ఉన్న గర్వమల్లా పద్దెనిమిదేళ్ళ కిందట తను రాసిన సీరియల్ పోర్టు డ్రైవరు. లిఫ్టు అడుగున బరువు చూసే పరికరం ఒకటుంటుంది. లోపల ఎంత బరువుందో అది ఒక తీగ మీదుగా, ఒక్కొక్క అక్షరంగా, బోర్డుకు చెబుతూనే ఉంటుంది. ఆ తీగ వచ్చి చేరే గుమ్మమే సీరియల్ పోర్టు. గుమ్మంలో నిలబడి అక్షరాలు అందుకునే ప్రోగ్రామే డ్రైవరు. "నా డ్రైవర్ ఇంతవరకు ఒక్క అక్షరం పారేసుకోలేదు" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజే చెప్పేది.

అలాంటిది ఒకరోజు ఒక వయొలిన్ మాస్టారు ఫోన్ చేశాడు. గాలొస్తే ఎగిరిపోయే మనిషి. ఒక్కడే లిఫ్టెక్కితే "బరువు ఎక్కువైంది, దయచేసి దిగండి" అందట. పాపం, వయొలిన్ బయట పెట్టి మళ్ళీ ఎక్కాడట. మళ్ళీ అదే మాట. నాలుగంతస్తులూ మెట్లెక్కి, ఆయాసం తీరకముందే ఫోనందుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళుగా లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది? ఎవరో చెయ్యి పెట్టారు!" అంది పిన్ని, అందరూ వింటుండగా.

ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. రెండున్నర నెలల కిందట చేరిన టీచర్‌ది. ఆవిడ ఇరవయ్యేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, నలభై అయిదో ఏట ప్రోగ్రామింగ్ నేర్చుకుని వచ్చింది. మూడు నెలలు చూసి ఉంచాలో వద్దో చెబుతామన్నారు. పాత కోడు శుభ్రం చేయమంటే, కాగితాల మీద అచ్చు తీసుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో నలభై లైన్లు కొట్టేసింది. అలా దిద్దిన కోడే ఇప్పుడు మాస్టారి లిఫ్టులో ఉంది.

"పాత కోడే పెట్టేద్దాం పిన్నీ. ఆవిణ్ణి శుక్రవారంతో పంపించేద్దాం," అన్నాడు యజమాని.

తన నోటిదురుసు ఒక మనిషి ఉద్యోగం మీదికి వస్తుందని పిన్ని అనుకోలేదు. "మాస్టారికి పాతదే పెట్టు. కానీ ఎందుకు ఆగిందో తెలీకుండా నడిపిస్తే బాగుచేసినట్టట్రా? శుక్రవారం దాకా నాకు టైమివ్వు," అంది.

పరీక్షల గదిలో లిఫ్టు లేదు, తలుపులు మాత్రం ఉన్నాయి. తలుపుల వెనక గోడ, పక్కన ఇసుక సంచులు, బటన్ల పలక. పిన్నీ టీచరూ చెరో స్టూలు వేసుకుని బటన్లు నొక్కుతూ కూర్చున్నారు. నలభై నిమిషాలకోసారి, ఒక్క సంచీ కూడా లేకుండానే, "దయచేసి దిగండి" అనేది బోర్డు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిన్ని మూడు తీగలు మార్చింది. కరెంటు ఇచ్చే పెట్టె మార్చింది. బోర్డే మార్చింది. రోగం మాత్రం మారలేదు.

ఇక లాభం లేదని, ఎక్కడ ఆగుతోందో చూడటానికి తలుపులు నడిపే కోడు మధ్యలో ఒక సందేశం అచ్చువేసే లైను పెట్టింది. అంతే, జబ్బు మాయం! రెండు గంటలు నొక్కినా కిక్కురుమనలేదు. లైను తీస్తే మళ్ళీ మొదలు.

"ఇదెక్కడి చోద్యమమ్మా!" అని నెత్తి పట్టుకుంది పిన్ని.

టీచర్‌కు నవ్వాగలేదు. "టీచర్ క్లాసులో ఉన్నంతసేపూ పిల్లలు బుద్ధిగానే ఉంటారు పిన్నిగారూ. అసలు సంగతి తెలియాలంటే బయటికెళ్ళి కిటికీలోంచి చూడాలి."

పిన్ని ఆవిడను ఎగాదిగా చూసింది. తర్వాత లేచి, చిప్‌కు ఖాళీగా ఉన్న ఒక కాలుకు, కరెంటు ఎత్తుపల్లాలను తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోపు తగిలించింది. ఇప్పుడు అచ్చువేయడమూ లేదు, దానివల్ల ఆలస్యమూ లేదు. తలుపుల పని మొదలైతే తెర మీద గీత లేస్తుంది, అయిపోతే దిగుతుంది. దాని కిందే అక్షరాలు వచ్చే గీత.

గురువారం మధ్యాహ్నానికి దొంగ దొరికాడు. ఆ బోర్డు రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. అంటే ఎవరి పని ముఖ్యమైతే వాళ్ళదే ముందు. ఒకే స్నానాల గది ఉన్న ఇంట్లో పెద్దాయన దూరితే మిగతావాళ్ళు తువ్వాళ్ళతో బయట నిలబడ్డట్టు. ఇక్కడ తలుపుల పనే పెద్దాయన. మూసుకుంటున్న తలుపులను మళ్ళీ తెరవమంటే ఆయన ఓ పట్టాన బయటికి రాడు. అక్షరాలు అందుకునే పని బయట పడిగాపులు కాస్తుంది. ఈలోగా అక్షరాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడి, చిప్ ఎర్రజెండా ఎత్తి అలిగి కూర్చుంటుంది. ఎవరైనా ఆ జెండా దించితేగానీ మళ్ళీ పలకదు. బరువు తెలియని బోర్డు, ఎందుకైనా మంచిదని, దిగిపొమ్మంటుంది. అచ్చువేసే లైనుంటే మాత్రం, అది పూర్తయ్యేదాకా పెద్దాయన ఆగాలి. ఆ సందులో చిన్నవాడు పని కానిచ్చుకుంటాడు.

"మరి జెండా దించే లైను డ్రైవర్‌లో ఎక్కడుంది?" అని అడిగింది టీచర్.

పిన్ని తన డ్రైవరును పైనుంచి కిందిదాకా చదివింది. ఆ లైను లేదు. పద్దెనిమిదేళ్ళుగా లేదు.

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది? టీచర్ ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాలు తిరగేసింది. కొట్టేసిన లైన్లలో ఒకటి, తలుపుల పని మధ్యలో, ఒక చుక్క అచ్చువేయమని చెబుతోంది. దాని పక్కన, "తాత్కాలికం. రేపు తీసేయాలి." ఆ పక్కనే పిన్ని పొడి అక్షరాలు, పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీ.

అప్పుడు పిన్నికి గుర్తొచ్చింది. మొట్టమొదటి లిఫ్టు మాటిమాటికీ ఆగుతుంటే, ఎక్కడ ఆగుతోందో చూద్దామని ఆ చుక్క పెట్టింది. లిఫ్టు నడిచింది, అందరూ చప్పట్లు కొట్టారు, చుక్క సంగతి మరిచిపోయింది.

"ఇది నాదని మీకు ముందే తెలుసుగా? నలుగురిలో మిమ్మల్ని అంటుంటే చెప్పలేదేం?"

"ఉన్న ఉద్యోగమే ఊగుతోంది. యజమానిగారి పిన్నిగారి మీద వేలు చూపించమంటారా? రేపు తీసేయాలి అని ఉంది, తీసేశాను."

ఆ మాట పిన్నికి గుచ్చుకుంది. చుక్క మళ్ళీ పెట్టేస్తే లిఫ్టు నడుస్తుంది, తన పేరూ నిలుస్తుంది, అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది. జెండా దించే రెండు లైన్లు రాసి, అక్షరాలు అందుకునే పనిని వరసలో ముందుకు జరిపింది. సాయంత్రం దాకా ఇద్దరూ వేళ్ళు నొప్పెట్టేలా బటన్లు నొక్కారు. బోర్డు నోరు విప్పలేదు.

శుక్రవారం పొద్దున టంకం బల్లల మధ్య, మొదట నోరు జారినచోటే, అందరూ వింటుండగా నిలబడింది. "ఒరేయ్, తప్పు నాది. పద్దెనిమిదేళ్ళ కిందటిది. టీచర్ దాని మీద కప్పిన గుడ్డ తీశారంతే. ఆవిణ్ణి పంపించేస్తే వెనకాలే నేనూ పోతా."

యజమాని బుర్ర గోక్కున్నాడు. "నువ్వు పోతే అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు పిన్నీ," అన్నాడు. మధ్యాహ్నానికల్లా టీచర్ ఉద్యోగం పక్కా అయింది. సోమవారం నాడు వయొలిన్ మాస్టారు, వయొలిన్‌తో సహా, కొత్త కోడున్న లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్ళాడు.

ఆ రోజే పిన్ని తన కొత్త లైన్లు కాగితం మీద అచ్చు తీసి టీచర్ ముందు పెట్టింది. తన కోడు ఇంకొకరి చేత దిద్దించుకోవడం ఆవిడకు జీవితంలో అదే మొదలు. టీచర్ కళ్ళజోడు సవరించుకుని, ఎర్ర పెన్నుతో రెండు టిక్కులు కొట్టి, కింద పదికి ఏడు వేసింది.

"మూడెందుకు తగ్గాయి?"

"ఆలస్యంగా తెచ్చినందుకు."

పిన్ని ఆ కాగితాన్ని తన బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది. ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు దాన్నే చూపిస్తుంది.