మహదేవప్ప సారు కాలినొప్పి, నా నోటిదురద

తెలివితక్కువతనానికి పింఛను ఇచ్చే పద్ధతి ఉంటే, నాకు జీతం కన్నా అదే ఎక్కువ వచ్చేది. పోయిన నెల ఒక పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోను. "సారూ, మహదేవప్ప సారు పోయినాడు." నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "యాడికి?" అని. "ఇంగ యాడికి సారూ, శివుడికాడికే" అన్నాడు అవతలి మనిషి. అప్పుడు గాని సంగతి నా తలకెక్కలేదు.

ఎమ్మిగనూరు ఉన్నత పాఠశాలలో జీవితమంతా గణితం బోధించిన నా సహోద్యోగి, నా ఆప్తమిత్రుడు, శ్రీ మహదేవప్ప లింగైక్యం చెందారు. మగ్గం ఇంట పుట్టి, మెడలో లింగం ధరించి, మద్యమాంసాల నీడ కూడా సోకకుండా బతికిన నిష్ఠాగరిష్ఠుడాయన. ఆదోనికి పోయినా తన చెంబు తానే మోసుకుపోయేవాడు. హోటలు గ్లాసును ఎవరు దేనికి వాడినారో అని అనుమానం.

లెక్క తప్పిన పిల్లవాడి మీద బెత్తం ఎత్తి ఎరుగడు. పక్కన కూర్చోబెట్టుకుని, "తప్పు యాడ మొదలైందో సూపించు నాయనా, ఆడ్నుంచి ఇద్దరం కలిసి పోదాం" అనేవాడు. నా తప్పు మొదలైన చోటు మా స్టాఫ్ రూము.

ఆ రోజు ఆయన కుడికాలికి చెప్పు, ఎడమకాలు వట్టిది, గోడ పట్టుకుని లోపలికి వచ్చినాడు. బొటనవేలు పండుమిరపకాయలా ఎర్రగా ఉబ్బి ఉంది. "రాత్రి దుప్పటి అంచు తగిలినా పానం పోయిందప్పా" అన్నాడు. అది గౌట్ అనీ, రాజులకు వచ్చే రోగమనీ నేను అంతకుముందే ఎక్కడో చదివి ఉన్నాను. అరకొర చదువు ఆగుతుందా?

"మాంసమూ మందూ జోడైతే గాని రాని రోగం సార్ ఇది! తలుపేసుకుని మీరు చేసే పూజ ఏందో మాకూ సెప్పండి!" అన్నాను.

స్టాఫ్ రూమంతా ఘొల్లుమంది. డ్రిల్లు మాస్టారు లేచి నడుం వంచి, "మహారాజా, జోహారు!" అన్నాడు. మహదేవప్ప సారు కూడా నవ్వినాడు. "నవ్వుకోండప్పా, నవ్వుకోండి." నాటి నుంచి టీ కొట్టు దాకా ఆయన మహారాజే. బిరుదు ప్రదానం చేసినందుకు నేను మురిసిపోయినాను కూడా.

ఆయన ఆ తర్వాత ఏ వైద్యుడి గడపా తొక్కలేదని అప్పట్లో నాకు తెలియదు. వైద్యుడు మొదట అడిగేది తాగుడు గురించేనని, ఆ మాట నేతపేటలో పాకితే లింగం కట్టుకున్న ఇంటికి తలవంపులని ఆయన భయం. మందు తాగని మనిషి మందు కోసం సిగ్గుపడ్డాడు. తనను ఎరిగినవాళ్లు లేని ఆదోనికి బస్సెక్కి పోయి, ఒక మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకునేవాడు. వేలి నుంచి మడమకూ, మడమ నుంచి మోకాలికీ నొప్పి ఎగబాకింది. ఏళ్ల తరబడి అవే బిళ్లలు. ఆదోనికి పుస్తకాల కోసం పోతున్నాడని నేననుకునేవాణ్ణి.

పదవీ విరమణ తర్వాత ఆయన ముఖం ఉబ్బింది. ఇల్లాలు గౌరమ్మ నాకు కబురు చేసింది. "అన్నా, నీ మాటైతే ఇంటాడు. ఒగసారి సెప్పు."

నా మాట ఆయన ఎంత బాగా విన్నాడో ఆ తల్లికి తెలియదు.

ఆయన్ను వెంటబెట్టుకుని బయల్దేరినానే గాని, కీళ్లకు వేరే వైద్యులుంటారని, వాళ్లను రుమటాలజిస్టులంటారని మాకేం తెలుసు? ఆ పేరుకు నా నోరు తిరిగేలోగా ఎముకల డాక్టర్లు ఇద్దరు అయిపోయినారు. చివరికి కర్నూలులో ఒక డాక్టరమ్మ దొరికింది. ఆమె అడిగిన తొలి ప్రశ్నల్లోనే అదీ ఉంది: "మందు అలవాటుందా?"

ఆయన నావైపు తిరిగినాడు. "ఈ సారునడుగమ్మా. నా తాగుడు సంగతి నాకన్నా ఈయప్పకే బాగ తెలుసు."

గొంతులో కోపం లేదు. ఉంటే కొంచెం తేలికగా ఉండేది. స్టాఫ్ రూము నవ్వులూ, ఆదోని బస్సూ, బిళ్లలూ ఆయన నవ్వుతూ చెబుతూంటే, నేను మొదటిసారి వింటూ తలవంచుకున్నాను.

ఆమె మోకాలి నుంచి సూదితో నీరు తీసి సూక్ష్మదర్శినిలో చూసింది. "గౌటే. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, కీళ్లలో సన్నని సూదుల్లా పేరుకుంటుంది. తాగనివాళ్లకూ, మాంసం తిననివాళ్లకూ వస్తుంది. మూత్రపిండాలు దాన్ని సరిగ్గా బయటికి పంపకపోతే చాలు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

"మా నాయన కుంటుతా ఉండె. గుంతమగ్గం తొక్కి తొక్కి అట్లయిందనుకుంటిమి."

రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె కింద ఆమె పెన్నుతో గీత గీసింది. "నొప్పి లేని రోజుల్లో కూడా సరైన మందు వాడితే అదుపులో ఉండే జబ్బండీ ఇది. ఆ నొప్పి బిళ్లలు మూత్రపిండాలను తినేశాయి. ముందే వచ్చుంటే..."

అసమాపక క్రియ దగ్గర ఆగిన ఆ వాక్యాన్ని పూర్తి చేయడం తెలుగు పంతులునైన నాకు కష్టం కాలేదు.

తిరుగు బస్సులో క్షమాపణ అడిగినాను. "నువ్వు ఎగతాళి సేస్తివి, నేను సిగ్గుపడితి. బిళ్లలు మింగింది నేనే గదప్పా? సగం సగం పంచుకుందాంలే" అన్నాడు. జీవితమంతా లెక్క తప్పని మనిషి, నా కోసం ఒక్కసారి తప్పినాడు.

డాక్టరమ్మ మందుతో ఆ వేలు మళ్లీ ఉబ్బలేదు. చివరిదాకా రెండు కాళ్లకూ చెప్పులేసుకుని నడిచినాడు. చెడిన మూత్రపిండాలు మాత్రం బాగుపడలేదు. లెక్కలు చెప్పేవాళ్లు ఎమ్మిగనూరుకు ఎందరో వస్తారు. నా తప్పులో సగం మోసే మహానుభావుడు ఇక రాడు. ఆయన పాదాలకు నా నమస్సులు. ఆ ఎడమకాలి బొటనవేలికి మరొక్కటి.

సంస్కారాలు ముగిశాక ఆదోనిలో ఆ మెడికల్ షాపు వెతికి పట్టుకున్నాను. రోజూ సాయంత్రం దాని ముందు బెంచీ మీద కూర్చుంటాను. కుంటుతూ వచ్చి నొప్పి బిళ్ల అడిగినవాళ్లను ఆపి, కర్నూలు దారి చెబుతాను. పనిలో పనిగా నా ఎగతాళి కథ కూడా.

"ఏం సారూ, నా యాపారం సెడగొడ్తాండావు. నామీద ఏం పగ నీకు?" అన్నాడు షాపాయన.

"నీమీద సగమే సామీ" అన్నాను.

నిన్న ఖాజా సాబని ఒక పత్తి వ్యాపారి గడప దగ్గర చెప్పు విడిచి, వాచిన కాలు ఈడ్చుకుంటూ వచ్చినాడు. నా కథంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించినాడు.

"నేను మందు ముట్టనోన్ని సారూ. డాక్టరుకాడికి పోతే జనాలు ఏమనుకుంటారో అని..."

"అనుకోనీ. నేనూ వస్తా నీతో."

ఖాజా సాబు అప్పటికే కొన్న బిళ్లల అట్టను షాపాయన ముందు పెట్టి, "వాపసు తీస్కో భాయ్" అన్నాడు.