చేతికి తెలిసేదాకా

అక్క పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పెద్దకడుబూరు పిల్ల. మొన్న ఆదివారం ప్రార్థన ముగించి లేస్తుంటే ఎడమ చేత్తో తలుపు తట్టింది. "పెద్దమ్మా, అక్క లేదంట. ఎమ్మిగనూర్లో పొద్దున్నే గుండె నిల్సిపోయినాదంట," అని గడపలోనే కూలబడింది. ఆ పిల్ల కుడి చేతికి వేళ్లు లేవు. ఎందుకు లేవో చెప్పాలంటే పత్తిలోంచి గింజలు వేరు చేసే మా ఆదోని జిన్నింగ్ మిల్లు సంగతి చెప్పాలి.

అక్క మాకు చుట్టం కాదు. మిల్లులో చేరినవాళ్లకు పని నేర్పడానికి వచ్చిన కోడుమూరు మనిషి. అంతకు ముందు నేర్పడమంటే ఒక్క పూట వ్యవహారం. గోడ మీద బొమ్మలు చూపిస్తారు, మేం తలలూపుతాం, ఉగ్గాని, బజ్జీ తిని లేస్తాం. ఆ బజ్జీలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. అక్క బొమ్మలు తేలేదు. "రోలర్లో పత్తి ఇరుక్కుంటే ఏం జేస్తారమ్మా?" అని అడిగింది. "మిషన్ ఆపుతాం!" అని అందరం అరిచాం. కరెంటు తీసేసిన మిషన్లో తనే పత్తి కూరి, నడుస్తోందనుకుని తీయమంది. ఒక్కొక్కరం పోయి స్విచ్ ముట్టకుండా నేరుగా చెయ్యి పెట్టాం. చేలో కాయల్లోంచి పత్తి లాగి లాగి అలవాటైన చేతులు మావి, తెల్లగా కనబడితే ఆగవు. అక్క నవ్వలేదు. "నోటికి తెల్సింది గానీ చేతికి తెలీలేదు," అంది.

అప్పటి నుంచి రోజూ పని మొదలయ్యే ముందు కాసేపు చేయించేది. స్విచ్ ఆపడం, రోలర్ నిలిచేదాకా చేతులు కట్టుకోవడం, కట్టెతో తీయడం. తర్వాత కొన్నాళ్లు ఊరుకుని, మేం మరిచిపోబోతున్నామనగా మళ్లీ అడిగేది. చెప్పేది కాదు, అడిగేది. "ఏమక్కా, నువ్వే మర్సిపోయినావా, మమ్మల్ని అడుగుతాండావు?" అని ఆటపట్టిస్తే, "అవునప్పా, ముసిల్దాన్నయిపోయినా, మీరే సెప్పండి," అనేది. మనుషులు ఎలా నేర్చుకుంటారో పరిశోధించినవాళ్ల పుస్తకాలు చదివేదామె. విన్నది జారిపోతుందట, వెతికి తెచ్చుకున్నదే నిలుస్తుందట. నాకది వింతనిపించలేదు. బడికి పోని నాకు అక్షరాలు నేర్పిన మా నాయన, పొద్దున పలక మీద రాయించి తుడిపించి, సాయంత్రం అన్నం దగ్గర అడిగేవాడు.

ఒకరోజు నడుస్తున్న మిషన్లో నిజంగానే పత్తి ఇరుక్కుంది. నా చెయ్యి కదిలింది, స్విచ్ వైపు. ఆ సాయంత్రం దేవునికి చేతులు జోడించాను. జోడించడానికి రెండూ ఉన్నాయి.

మరుసటి సీజన్‌కు మిల్లు యజమాని సేటు, "రోజూ ఈ ఆటలేందమ్మా, ఒక పూటలో ముగించు," అన్నాడు. అక్క ఎంతో బతిమాలింది. ఆమెను మాన్పించి మళ్లీ బొమ్మలు తెప్పించాడు. ఆమె ఎమ్మిగనూరులో కుట్టుపని నేర్పే చోటికి వెళ్లిపోయింది. ఆ సీజన్లోనే పెద్దకడుబూరు పిల్ల చేరింది. బొమ్మల పూట అన్నిటికీ గడగడా జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. కొద్ది రోజులకే రోలర్ ఆమె వేళ్లు తీసుకుంది. ఆసుపత్రికి అక్క పరుగున వచ్చింది. "నేను అన్నీ కరెక్టుగా సెప్పినా కదక్కా, మల్లా ఎందుకిట్లాయె?" అని పిల్ల ఏడిస్తే, కట్టు కట్టిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, "తప్పు నీది గాదు తల్లీ. నీ చేతికి ఎవురూ సెప్పలేదు," అంది. తర్వాత పిల్లను తన దగ్గరకే పిలిపించుకుని, అదే పద్ధతిలో, రోజూ కొంచెం, మధ్యలో విడిచి మళ్లీ అడుగుతూ, ఎడమ చేతికి కుట్టుపని నేర్పింది.

మొన్న గడపలో కూలబడిన పిల్ల ఆ ఎడమ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. కాలం మరిపించేలోగా మళ్లీ అడగడమే అక్క పని. ఇప్పుడు అడిగే మనిషి లేదు. అందుకే మిమ్మల్ని ఒకటి వేడుకుంటున్నాను. కొన్నాళ్లు పోనిచ్చి, ఈ కాగితం మీ ముందు లేనప్పుడు, మా అక్కను ఒకసారి వెతికి గుర్తు తెచ్చుకోండి.