నూట ఇరవై ఎనిమిదో బండ

భూమయ్య ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. మెదక్, నర్సాపూర్ మధ్య తిరిగిన వాళ్లెవరికైనా ఆ గొంతు గుర్తే. "లోపలికి జరుగుండ్రి, ఇంకా లోపలికి, ఎనక జాగ మస్తున్నది" అంటూ యాభై మంది పట్టే బస్సులో తొంభై మందిని సర్దిన మనిషి. రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. కొన్నాళ్లు ఇంట్లో భార్య కిష్టవ్వను జరగమనీ, పీట జరపమనీ ప్రాణం తీశాడు. "బస్సు డిపోల ఇడ్సిపెట్టి రావాలె గని, నా వంటింట్లకు తెస్తవా?" అనేదామె.

మళ్లీ ఆ గొంతుకు పని పడింది కృపాదానం వల్ల.

కృపాదానానికి పుట్టుకతోనే చూపు లేదు. కుర్చీలకు వైరు, మంచాలకు నవారు అల్లడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చర్చి వెనక వాడలో కూతురు సుమనతో ఉంటాడు. రోజూ పొద్దున తొమ్మిదింటికి బస్టాండు దగ్గర తను పని చేసుకునే చిన్న గదికి ఒక్కడే నడిచి వెళ్లేవాడు. రోడ్డు పక్క మోరీ కాలువ మీద పరిచిన బండలే ఫుట్‌పాత్. బండకూ బండకూ మధ్య సందును చేతికర్రతో తడుముతూ లెక్కపెట్టుకునేవాడు. నూట నలభయ్యో బండ దగ్గర ఇనుప కరెంటు స్తంభం ఉంటుంది, దాని ఎదురుగా స్పీడు బ్రేకరు. కర్ర ఇనుముకు తగిలి ఖంగుమంటే అక్కడ రోడ్డు దాటాలి. అవతల ఇంకో డెబ్బై నాలుగు బండలు. జాలిపడి ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకునేవాడు. "నా లెక్క నాకున్నది" అనేవాడు.

ఆ లెక్క సాగాలంటే బండలు ఖాళీగా ఉండాలి కదా. మన ఊళ్లో ఫుట్‌పాత్ అంటే దుకాణానికి ఉచితంగా వచ్చిన వరండా. ప్లాస్టిక్ బిందెలు అక్కడే, గ్యాస్ పొయ్యి అక్కడే, మోటారు సైకిళ్లు అక్కడే. నడిచేవాడు మాత్రం రోడ్డు మీద, లారీలతో పాటు. ఒకరోజు విత్తనాల దుకాణం రాజేందర్ బయట నిలబెట్టిన రేకు బోర్డుకు కృపాదానం నుదురు చీరుకుపోయింది. "కనవడ్తలేదా?" అని కసిరాడు రాజేందర్. తర్వాత నాలుక కరుచుకున్నాడనుకోండి, కానీ మాట అప్పటికే వచ్చేసింది. ఎదురుగా చాయ్ తాగుతున్న భూమయ్యకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి డ్యూటీ మొదలైంది. పావు తక్కువ తొమ్మిదికల్లా బస్టాండు వైపు నుంచి బయల్దేరి, అన్ని దుకాణాల ముందూ "లోపలికి జరుపుండ్రి!" అని అరుస్తూ, జరపని వాటిని తనే జరుపుతూ చర్చి వాడ మొగదలకు వచ్చేవాడు. అక్కడ కృపాదానం కర్ర పట్టుకుని నిలబడి ఉండేవాడు. భూమయ్య మెడలోని పాత డ్యూటీ సీటీ తీసి ఒక్కసారి ఊదేవాడు. దారి ఖాళీగా ఉందని అర్థం. "రైట్ రైట్!" అని నవ్వుతూ కృపాదానం కదిలేవాడు. వెనక రావడం మాత్రం నిషిద్ధం. "నీ చెప్పుల సప్పుడుకు నా లెక్క తప్పుతది భూమన్నా."

నాలుగేళ్లు అలాగే నడిచింది. జనం నవ్వారు, తిట్టారు, చివరికి అలవాటు పడ్డారు. సీటీ వినగానే మిర్చి బజ్జీల ఆమె బండిని తనే వెనక్కి లాక్కునేది.

ఈలోగా కిష్టవ్వ పోయింది. ఎండాకాలం, మధ్యాహ్నం, మంచినీళ్లు అడిగి, గ్లాసు వచ్చేలోపే పోయింది. అది భూమయ్యను పురుగులా తొలిచింది. ఏడాది తిరిగేసరికి ఆమె పేరు మీద చలివేంద్రం పెట్టాలనుకున్నాడు. నీడ ఎక్కడుందా అని చూస్తే రాజేందర్ దుకాణం ముందు వేపచెట్టు. "పుణ్యం పని, నా ముంగటనే పెట్టుండ్రి" అన్నాడు రాజేందర్, ఎన్నడూ లేనిది. ఆదివారం సాయంత్రం నాలుగు ఇనుప పైపులు పాతి, పైన తాటాకు కప్పి, ఇసుక పోసి మూడు మట్టి రంజన్లు నిలిపారు. సరిగ్గా ఫుట్‌పాత్ మీద. బిందె కనిపిస్తే ఉరిమే మనిషికి ఆ రంజన్లు అడ్డంగా కనిపించలేదు. దాహానికి పెట్టిన నీళ్లు అడ్డమవుతాయని ఎవరికి తోస్తుంది?

సోమవారం పొద్దున రంజన్లు నింపాడు. ఎప్పటిలాగే బోర్డులు జరిపించాడు, బండ్లు తీయించాడు. వాడ మొగదలకు వచ్చి సీటీ ఊదాడు. కొబ్బరికాయ, పూలదండ తేవాలని మార్కెట్ వైపు పరుగెత్తాడు.

కృపాదానం నూట ఇరవై ఎనిమిదో బండ దగ్గర ఉండగా కర్ర ఇనుముకు తగిలి ఖంగుమంది. సీటీ మోగింది కాబట్టి దారిలో అడ్డేమీ లేదు. అంటే ఇది కరెంటు స్తంభమే. పన్నెండు బండలు లెక్కలో పోయాయనుకుని ఎడమకు తిరిగి రోడ్డు మీదికి దిగాడు. అక్కడ స్పీడు బ్రేకరు లేదు. పాపన్నపేట నుంచి వస్తున్న షేర్ ఆటో గుద్దింది.

భూమయ్య దండ చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి మనిషి రోడ్డు మీద పడి ఉన్నాడు. రంజన్‌లో గ్లాసు ముంచి నోటికి పెట్టాడు. కిష్టవ్వ పేరు మీద పోసిన మొదటి గ్లాసు అది.

తుంటి ఎముక విరిగింది. ఆ మధ్యాహ్నమే దవాఖాన నుంచి తిరిగొచ్చి భూమయ్య ఎవరితో చెప్పకుండా పైపులు పీకేశాడు. రాజేందర్ తల వంచుకుని రంజన్లు లోపల పెట్టించాడు. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కర్ర పైపుకు తగలడం బజారులో ఇంకెవరూ చూడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నెల తిరగ్గానే వాకర్‌తో నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. కృపాదానం లేవనన్నాడు. సుమన బతిమాలింది, ఏడ్చింది. "లెక్క పోయినోడు యాడికి నడుస్తడు బిడ్డా?" అనడం తప్ప వేరే మాట లేదు.

భూమయ్య రోజూ పండ్లు పట్టుకుని వెళ్లేవాడు. చెబుదామని నోరు తెరిచేవాడు, అరటిపండు ఒలిచి ఇచ్చి వచ్చేసేవాడు. పిరికితనం అనండి, ఆ ఒక్క స్నేహం కూడా పోతుందన్న భయం అనండి. మూడు నెలలు గడిచాయి, వానలు పడ్డాయి.

ఒకరోజు కృపాదానమే ఆ మాట ఎత్తాడు. "భూమన్నా, నువ్వు సీటీ ఊదినవు. తొవ్వ సాఫ్ ఉన్నది. మరి నా కట్టెకు ఇనుము ఎట్ల తగిలింది? స్తంభం ఇంకా దూరమున్నదని అందరు అంటున్నరు. లేని ఇనుము నాకు మోగిందంటే నా దిమాకే ఖరాబైనట్టు గదా."

భూమయ్య చేతిలోని పండు కింద పెట్టాడు.

"ఉన్నది తమ్మీ. ఇనుము ఉన్నది. నేనే పెట్టిన." చలివేంద్రం, పైపులు, సీటీ, మధ్యాహ్నం పీకేయడం, అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

కృపాదానం అతని వైపు తల తిప్పాడు. "నేను తాగిన నీళ్లు కిష్టవ్వక్క పేరు మీదియేనా?"

"అవ్."

"గది నూట ఇరవై ఎనిమిదో బండనేనా?"

"గదే. నీ లెక్క ఒక్కటి గూడ తప్పలే."

ఆ మాటకు కృపాదానం ముఖం వెలిగింది. ఇన్నాళ్లూ మూలకు నెట్టిన కర్ర కోసం చెయ్యి చాపాడు. భూమయ్య అందించాడు. కృపాదానం తను కూర్చున్న కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. మంచి కాలు లేచింది, రెండోది రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. సుమన లోపలి నుంచి వచ్చి నాన్న భుజం పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

మెల్లగా కూర్చుని కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. గొంతులో కోపం లేదు.

"ముందుగాలనే చెప్తే నడుస్తుంటి గదా, భూమన్నా."