సినిమాలో లేని పద్యం

నాకు ముక్కు మీద కోపమని కర్నూలు నుంచి కోసిగి దాకా నాటకాలు చూసేవాళ్ళందరికీ తెలుసు. హార్మోనియం ఒక మెట్టు తప్పితే స్టేజీ మీదనే గుడ్లురిమి చూసేదాన్ని. హార్మోనియం వాయించేది మా ఆయనే కాబట్టి ఇంటికి వచ్చాక రెండో విడత కూడా ఉండేది. అలాంటి దాన్ని, మా నాటకాన్ని సినిమా తీస్తూ అందులో నా పద్యం తీసేస్తానని ఒక అబ్బాయి చెప్పినప్పుడు, తల ఊపి ఊరుకున్నాను.

జనం దాన్ని సుగ్గి నాటకం అనేవాళ్ళు. మా పడమటి పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏడాది ఇళ్ళకు తాళాలు వేసుకుని పిల్లాజెల్లాతో గుంటూరు మిరపచేలకు కూలికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. ఒక బడిపంతులు దాని మీద పద్యనాటకం రాశాడు. దేవుళ్ళూ రాజులూ లేని పద్యనాటకం ఎవడు చూస్తాడని మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత కోసిగి, కోడుమూరు, కమలాపురం, ఎక్కడ జాతర జరిగినా అదే ఆడమనేవాళ్ళు. నేను తల్లి వేషం కట్టేదాన్ని. సుగ్గికి పోయిన చోట కూతురు జ్వరంతో చనిపోతుంది. పరాయివాళ్ళ చేనుగట్టున పాతిపెట్టి, తల్లి పద్యం ఎత్తుకుంటుంది. నాలుగు పాదాలు. మూడో పాదంలో బిడ్డను పేరు పెట్టి పిలవాలి, ఆ పేరు మీదే రాగం తీయాలి. నేను రాగం తీస్తుంటే ముందు కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. నేనూ ఏడ్చేదాన్ని గానీ లెక్కగా ఏడ్చేదాన్ని. వేషగాళ్ళకు ఏడుపు కూరలో ఉప్పులాంటిది. ఎక్కువైతే శ్రుతి పోతుంది.

మా కూతురికీ జ్వరమే వచ్చింది. చేనుగట్టున కాదు, కర్నూలులో, మంచి మంచం మీద, డాక్టర్లు చుట్టూ ఉండగానే పోయింది. ఇంటర్ చదువుతుండేది. నాటకమంటే దానికి సిగ్గు. "ఊరంతా వినపడేట్టు అరుస్తావు మా, నా ఫ్రెండ్స్ నవ్వుతారు" అనేది. మగవాళ్ళు మట్టికి తీసుకుపోయారు. మా సాయిబుల ఇళ్ళలో ఆడవాళ్ళు వెంట పోకూడదు, నేను గడప లోపలే నిలబడ్డాను. నోరు తెరవబోతుంటే మా అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గొంతెత్తి ఏడ్వగూడదమ్మా. బిడ్డకు మంచిది కాదు. సబర్ చేసుకో, ఓర్చుకో, ఊరికే కూచో" అంది.

కటువుగా ఏమీ అనలేదు. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఊరికే కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఎంత బాగా అలవాటైందంటే, తర్వాత ఎవరూ లేనప్పుడు ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. పాలు పొంగి పొయ్యి మీద పోతుంటే పక్కనే నిలబడి చూసేదాన్ని. మా ఆయన ఏదైనా అడిగితే జవాబు చెప్పేదాన్ని, ఏం చెప్పానో నాకే తెలిసేది కాదు. ఒకసారి ఆయన కావాలనే హార్మోనియం తప్పు వాయించాడు, నేను తిడతానేమోనని. నాకు వినపడింది. తిట్టాలనిపించలేదు.

అలాంటి రోజుల్లో ఆ అబ్బాయి వచ్చాడు. కమలాపురం పక్క పిల్లోడు, సినిమా చదువు చదివాడట. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుని మా నాటకం చూశాడట.

"తల్లి వేషం మీరే కట్టల్లమ్మా. ఇంగెవురు కట్టినా నేను తియ్యను" అన్నాడు.

మా ఆయన "ఇప్పుడొద్దులేప్పా, ఇంట్లో బాగలేదు" అని చెబుతుండగానే, నేను లోపలి గదిలోంచి "చేస్తా" అన్నాను. మా ఆయన తిరిగి చూశాడు. మనసు మళ్ళించుకోవడానికి ఒప్పుకుందనుకున్నాడేమో. అది కాదు. సినిమా నాకెందుకు? నాకు ఆ పద్యం కావాలి. ఇంట్లో గొంతెత్తి ఏడిస్తే తప్పు. వేషం కట్టుకుని చచ్చిన బిడ్డ కోసం ఎంత గొంతెత్తినా ఎవరూ తప్పనరు, పైగా బాగుందంటారు. ఒక్కసారి ఆ మూడో పాదం ఎత్తుకుంటే లోపల బిగుసుకుపోయింది కదులుతుందని ఆశ. మా కూతురి సంగతి మాత్రం ఆ అబ్బాయికి చెప్పొద్దని మా ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

కోసిగి దగ్గర ఒక ఊళ్ళో తీశారు. సగం ఇళ్ళకు తాళాలున్నాయి, జనం నిజంగానే సుగ్గికి పోయారు. సెట్టు ఖర్చు మిగిలిందని ఎవరో అన్నారు. తెల్లవార్లూ ఆడే నాటకాన్ని రెండు గంటలకు కుదించారు. ముప్పైకి పైగా పద్యాలుంటే నాలుగు మిగిలాయి. హార్మోనియం అక్కర్లేదన్నారు, సంగీతం తర్వాత కలుపుతారట. మా ఆయన పెట్టెను పక్కన పెట్టుకుని వేపచెట్టు నీడన కూర్చునేవాడు, పెళ్ళికి వచ్చి భోజనానికి పిలుపు రానివాడిలాగా. నేను నోరు తెరిస్తే "తగ్గించండమ్మా, మైకు మీ చీరలోనే ఉండాది" అనేవాళ్ళు. ఆఖరి వరుసలో మఫ్లరు కప్పుకున్న ముసలాయనకు వినపడేలా పాడి పాడి పెరిగిన గొంతు నాది. దాన్ని గుసగుసలోకి దింపడానికి తంటాలు పడ్డాను.

ఇంకో వింత, సినిమాలో ముందుది ముందు తీయరు. కూతురి వేషం వేసిన పిల్ల మొదటి రోజే నా ఒళ్ళో చచ్చిపోయింది. మరుసటి పొద్దున ఆ పిల్లే నా పక్కన కూర్చుని ఇడ్లీ తింటూ, "ఆంటీ, చట్నీ కారంగా ఉంది కదా" అంది. అవునన్నాను. మరొకప్పుడైతే నవ్వో ఏడుపో వచ్చేది. చట్నీ గిన్నె దానికి దూరంగా జరిపాను, అంతే.

చేనుగట్టు సీను చివరి రోజుకు పెట్టారు. నేను పొద్దున్నుంచీ వేడినీళ్ళు తాగుతూ, చిన్నగా గొంతు సరిచేసుకుంటూ ఉన్నాను. సాయంత్రం ఎండ పసుపు రంగుకు తిరిగాక ఆ అబ్బాయి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఈడ పద్యం తీసేస్తాండా."

"తీసేస్తే ఎట్లప్పా? ఆ తల్లి ఎట్ల ఏడ్చాల?"

"ఏడ్వదమ్మా." అతను అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. "స్టేజీ కాడ దూరంగా కూచున్నోళ్ళకు బాధ తెలియల్లంటే పాడల్ల. ఈడ కెమెరా మీ మొగానికి జానెడు దూరంలో ఉంటాది. పాడితే శానా ఎక్కువైపోతాది. అయినా, బిడ్డ పోయిన తల్లి పాడతాదా?"

"మరేం చేస్తాది?"

"ఏం చేయదు. ఊరికే కూచుంటాది."

అతను చెప్పింది అబద్ధమైతే నేను పోట్లాడేదాన్ని. అతనికంటే నాకే ఎక్కువ తెలుసు అది నిజమని. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఒక్క మాట మాత్రం అడిగాను.

"పద్యం గూడా ఒక తూరి తీసి పెట్టుకోరాదా? పాడతా. పనికిరాకుంటే పారేయండి."

అతను పడమటి వైపు చూశాడు. "ఎండ దిగిపోతాందమ్మా. ఒక్కటే తీయగలం" అన్నాడు.

నేను తల ఊపాను. గట్టు మీద కూర్చున్నాను. కెమెరా నడిచింది, ఆగింది. లైట్లు పట్టుకున్నతను భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ అబ్బాయి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి "ఎట్ల చేసినారమ్మా అట్ల?" అన్నాడు. నేనేమీ చేయలేదన్నాను. వినయమనుకున్నాడు.

సినిమా వచ్చాక అందరూ ఆ సీనే మెచ్చుకున్నారు. ఫోన్లు చేసి, మాట లేకుండా ఎంత నటించావో అన్నారు. ఇంట్లో రోజూ చేసే పనికి ఇన్ని మెప్పులు ఎప్పుడూ రాలేదు. మా అత్త కూడా ఎవరి ఫోన్లోనో చూసి, బాగా కూర్చున్నావంది. నేను మాత్రం అప్పటిదాకా సినిమా చూడలేదు. మా ఆయనే పట్టుబట్టి కోడుమూరుకు మ్యాట్నీకి తీసుకుపోయాడు. ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే జవాబు చెప్పే ఓపిక లేక, మామూలుగా వేసుకోని బురఖా ఆ రోజు వేసుకుని, ముఖం కప్పుకున్నాను.

హాల్లో సగానికి పైగా పల్లెల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళే. ఎన్నో జాతరల్లో ఆ నాటకం చూసినవాళ్ళు. నా పక్కన ఒకామె పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. చేనుగట్టు సీను వచ్చింది. తెర నిండా నా ముఖం. పాడకుండా అట్లాగే కూర్చుని ఉంది. హాలు కాసేపు ఓపిక పట్టింది. తర్వాత ముందు బెంచీల్లోంచి ఒకతను "పద్యం యాడ?" అన్నాడు. ఇంకొకడు "కట్ చేసినట్టుండారు" అన్నాడు. ఎవరో ముసలాయన, గొంతులో జీర ఉంది, మొదటి పాదం ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. రెండో పాదానికి మగవాళ్ళు కలిశారు. ఆడవాళ్ళు కలిశారు. తెర మీద సీను మారిపోయింది, లారీ వెళ్తోంది. వీళ్ళు ఆపలేదు. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

పక్కనామె బిడ్డను జోకొడుతూ పాడుతోంది. నా వైపు వంగి, "నువ్వు పాడవేమ్మా? నీకు రాదా ఈ పద్యం?" అని అడిగింది.

"వచ్చు" అన్నాను.

ముసుగు లోపల నోరు తెరిచాను. రెండో పాదం బొంగురుగా వచ్చింది. ఇటువైపు మా ఆయన కదలకుండా కూర్చున్నాడు. మూడో పాదం దగ్గర హాలంతా నాటకంలో బిడ్డ పేరు పిలిచింది. నేను మా కూతురి పేరు పిలిచాను.

పక్కనామె నా మోకాలి మీద తట్టింది. "ఆ పేరు కాదమ్మా" అని మెల్లగా సరిదిద్దింది.

"ఆ పేరే" అన్నాను. వాళ్ళంతా నాలుగో పాదంలోకి పోయినా నేను మూడో పాదంలోనే ఆగి, ఊరంతా వినపడేట్టు దాన్ని మళ్ళీ పిలిచాను.