పురిటి స్నానం నాటి రాగి కాగు

దయ్యాలను నమ్మినవాణ్ణి కాను. మా వీధిలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు వాళ్లు వేళకు అన్నం తిన్నారో లేదో కనుక్కోమనేవాణ్ణి. అందుచేత ఈ సంగతి చెప్పడం నాకేమీ సరదా కాదు.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పాలకొల్లులో మాది ఒకప్పుడు రెండు వాకిళ్ల లోగిలి. అప్పటికే అద్దె ఇంట్లోకి వచ్చాం. ఈ మాట నేనే చెప్పాను గనుక మరొకరు చెప్పనక్కరలేదు. లోగిలి నుంచి మాతో వచ్చిన పెద్ద పాత్ర ఒక్కటే, మా నాయనమ్మ నాటి రాగి కాగు. పెరట్లో పొయ్యి కట్టించి, స్నానాల నీళ్ల కోసం దాన్ని అందులో బిగించాం.

ఆ రోజు నా భార్య కామేశ్వరికి పదకొండోనాటి పురిటి స్నానం. కాన్పయిన మూడో రోజున వచ్చిన జ్వరం అప్పుడే తగ్గింది. చల్లనీళ్లు తగిలితే సన్నిపాతమేనని వైద్యుడు గట్టిగా చెప్పాడు. స్నానమేమో మధ్యాహ్నంలోగా కావాలి.

తెల్లవారగానే పొయ్యి వెలిగించాను. జాముసేపు మండింది. చెయ్యి పెట్టి చూస్తే నీళ్లు కాలవ నీళ్లలాగే ఉన్నాయి.

కట్టెలవాణ్ణి పిలిపించాను. "నా కట్టె కణకణ మండుతోంది కదండీ! తప్పు మీ పొయ్యిదండి" అన్నాడు.

పొయ్యి కట్టిన మేస్త్రీ వచ్చి, పొగ వెళ్లే కన్నంలో కర్ర పెట్టి గెలికాడు. "గాలి బాగానే లాగుతోందండి. మీ కాగు అడుగే మందమేమోనండి" అన్నాడు.

కంచరి వీరన్న మసి గీకి, అడుగు తట్టి చూసి నొచ్చుకున్నాడు. "ఇలాంటి పని ఇప్పుడెవరు చేస్తున్నారండి? కాగులో తప్పు లేదండి. నీళ్లలోనే ఏదో ఉందండి."

నీళ్లలో ఏముంటుంది? అవే నీళ్లు ఒక చెంబుడు వంటింటి పొయ్యి మీద పెడితే మరిగాయి; కానీ చెంబుల లెక్కన కాచిన నీళ్లు బాలింత స్నానానికి ఏం చాలతాయి? కాగు అంచు ముట్టుకుంటే చురుక్కుమంటోంది. లోపల నీళ్లు మాత్రం చల్లన. నాకు ఒళ్లు మండిపోయింది.

"పక్కింటివాళ్ల గుండిగ అడిగి తీసుకురండి" అంది కామేశ్వరి, పురిటిగదిలోంచి.

మా వంశంలో ఇచ్చినవారే గాని అడిగినవారు లేరు. ఆ మాటే అన్నాను.

"అయితే ఆ వంశాన్నే తెచ్చి నా నెత్తిన పోయండి" అంది.

పొద్దు నడినెత్తికి వస్తోంది. కట్టెలు అయిపోయి పొయ్యి ఆరిపోయింది. బాలింతకు నీళ్లు పోయడానికి వచ్చిన మంత్రసాని పోలమ్మ పొద్దుటినుంచీ పెరటి గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. అప్పుడు నోరు విప్పింది.

"బాబుగారండీ, మీ నాయనమ్మగారు ఉన్నప్పుడు పురిటి స్నానం నాడు ఈ కాగులో మొదటి చెంబు మంత్రసాని కాళ్ల మీద పోసేవారండి. మా అమ్మకి ఆవిడే స్వయంగా పోశారండి."

"ఇప్పుడా ముచ్చట్లు?" అని కసిరాను. నిజానికి ఆ ఆచారం నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఇంటి యజమాని చేత మంత్రసాని కాళ్లు కడిగించడమా?

లోపల కామేశ్వరికి పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు నాకు బయటికి వినిపించింది. "ఏమండీ, మళ్లీ చలిగా ఉంది" అంది.

చెంబు అందుకున్నాను. ఎలాగూ చల్లనీళ్లే కదా, ఒక చెంబు పోసి ఈ ముసలమ్మ నోరు మూయిద్దామనుకున్నాను. పోలమ్మ కాళ్లు చాపింది. పోశాను.

"అమ్మో! చన్నీళ్లు కలపండి బాబూ, కాలిపోతోంది!" అని ఎగిరి లేచింది.

వెనక్కి తిరిగి చూస్తే కాగు నిండా ఆవిరి.

వంగి పొయ్యిలో చెయ్యి పెట్టాను. బూడిద చల్లగా ఉంది.

కామేశ్వరి తనివితీరా స్నానం చేసింది. జ్వరం తిరగబెట్టలేదు. ఆరిన పొయ్యి మీద ఆ నీళ్లు ఎలా కాగాయో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఆ సాయంత్రం పోలమ్మనే పిలిచి అడగబోయాను. ఆమె పాదాల మీద లేచిన బొబ్బలు చూసి ఊరుకున్నాను.