నాలుగో నంబర్ కంప్యూటర్‌లో మిగిలిన చీటీ

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే ఊరుకోను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నా రెండు కళ్లతో చూసింది. అబద్ధమైతే నా కళ్లు పోతాయి. దయ్యాలూ గియ్యాలూ అంటే పక్కున నవ్వే రకాన్నని మీకు తెలుసు. పద్దెనిమిదేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసినవాణ్ని. ఏ చప్పుడు దేనిదో, ఏ వాసన ఎక్కడిదో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ రెండు రాత్రుల సంగతి మాత్రం... ఇప్పటికీ చెప్పలేను.

అప్పటికి మంజుల పోయి పదకొండు నెలలు. మంజుల నా భార్య. వానాకాలం జ్వరం... ఐదు రోజులు... అంతే. మాకు పిల్లల్లేరు. చిట్కుల్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి తాళం తీస్తే, పొద్దున నేను తాగి పెట్టిన చాయ్ గ్లాసు పెట్టినచోటే ఉండేది. దాన్ని జరిపే మనిషి లేదు. అన్నిటికన్నా ఆ గ్లాసును చూస్తేనే ఏడుపొచ్చేది. అందుకే ఇంటికి ఎంత ఆలస్యంగా పోతే అంత మేలనుకుని, ఇస్నాపూర్ చౌరస్తాలోని నెట్ సెంటర్‌కు పోవడం అలవాటు చేసుకున్నాను. క్రికెట్ స్కోరు ఒక వంక. అసలు సంగతి, అక్కడ పక్క కుర్చీలో ఎవరో ఒకరు ఉంటారని.

ఇంటింటికీ నెట్ రాని రోజులవి. ఆ సెంటర్ ఎస్తేరక్కది. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాయి, బల్లలు మాత్రం అవే. ఆమెకో పద్ధతి ఉండేది. టైపు రోజుల్లో ఎవరైనా ఉత్తరమో అర్జీయో కొట్టించుకుని పోగానే, కింద పెట్టిన కార్బన్ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపేసేది. దాన్ని వెలుతురుకు పెడితే అక్షరాలన్నీ కనబడతాయి కదా! ఒకరి గుట్టు ఇంకొకరి కంట పడకూడదని ఆమె పట్టు. కంప్యూటర్లొచ్చాక కూడా రాత్రి షట్టర్ దించేముందు ఒక్కోదాని ముందు కూర్చుని ఏదో తుడిచేది. ఏం తుడుస్తుందో మాకు తెలియదు. మేమంతా పని కాగానే తెర స్విచ్ నొక్కి లేచేవాళ్లం. తెర నల్లబడితే మిషన్ అంతా మరిచిపోతుందని మా అమాయకత్వం. అక్కడే ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్న మంజుల కూడా అలాగే అనుకునేది.

ఆ రోజు శుక్రవారం. రాత్రి తొమ్మిది కావస్తోంది. నాలుగో నంబర్ ఒక్కటే ఖాళీ. ఏడాదిగా చెడిపోయి మూలన పడి ఉంటే, ఆ సాయంత్రమే బాగుచేయించి పెట్టారట. కూర్చున్నాను. లోపల ఫ్యాను గరగరమంటోంది. స్కోరు తెరిచాను. పక్కన ఒక ప్రకటన... చిన్నపిల్ల బొమ్మ, అటు తిరిగి నిలబడి ఉంది. కింద ఇంగ్లీషులో, ‘మీ కోసం ఎదురుచూస్తోంది’ అని. ఆ చోట ఎప్పుడూ సెల్‌ఫోన్లే కనబడేవి. సరే అని వార్తల పేజీకి పోయాను. అక్కడా అదే పిల్ల. సినిమాల పేజీకి పోయాను... అక్కడా! వెంటబడ్డట్టే వస్తోంది. ఇదేదో తేల్చుకుందామని నొక్కాను.

పేజీ మెల్లగా దిగింది. ముందు ఒక నీలం పట్టీ... తర్వాత తెల్లటి ఖాళీ... తర్వాత అక్షరాలు.

‘మళ్లీ స్వాగతం, మంజుల.’

ఊళ్లో మంజులలు ఎందరు లేరు అనుకున్నాను. కింద ఇంకో వాక్యం ఉంది... ‘సగంలో ఆపిన మీ దరఖాస్తును కొనసాగించండి.’ వేలు దానంతటదే నొక్కింది. పిల్లల్ని పెంచుకోవడానికి పెట్టే దరఖాస్తు. భర్త పేరు దగ్గర నా పేరు. ఊరు చిట్కుల్. పని, బాయిలర్ ఆపరేటర్. మూడో పేజీలో ఒక ప్రశ్న. ‘మీ భర్త ఒప్పుకున్నారా?’ పక్కన రెండు చిన్న గుండ్రాలు. ఒకటి అవును, ఒకటి కాదు. రెండూ ఖాళీ.

దాచడమెందుకు, చెప్పేస్తాను. పెళ్లైన తొమ్మిదో ఏట ఒక రాత్రి అన్నం పెడుతూ మంజుల అడిగింది, ఒక పాపను తెచ్చుకుందామా అని. “ఎవరి బిడ్డనో తెచ్చి ఇంట్ల పెట్టుకునుడేంది? ఇంకోపారి ఆ మాటెత్తకు” అన్నాను. ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. నా అంత మొద్దు మొగుడు ఉండడు.

“ఏంది తమ్మీ, మొఖం గట్లయింది?” ఎస్తేరక్క వెనక నిలబడి ఉంది.

“అక్కా... ఇది నన్ను మంజుల అంటుంది.”

ఆమె అద్దాలు సర్దుకుని వంగి చూసింది.

“భయపడకు. దీన్ని కుకీ అంటరు. మనం ఒక సైటుకు పోతే ఆళ్లు మన మిషన్ల ఒక చీటీ పెడ్తరు. మళ్ల పోయినప్పుడు ఆ చీటీ చూసి, ఓ నువ్వేనా అంటరు. ఆళ్లు మనిషిని చూస్తలేరు తమ్మీ, చీటీని చూస్తున్నరు. ఈడ ఎవరు కూసున్నా ఆళ్లకు మంజులనే.”

“మరి ఆ పిల్ల బొమ్మ? ఏడికి పోయినా ఎంటబడ్తుంది.”

“యాడ్స్ పెట్టేటోళ్ల చీటీ వేరేది ఉంటది. అన్ని సైట్లల్ల ఆళ్లే ఉంటరు గద! ఈడ ఏం చూసినమో ఆడ గూడ ఎరుకైతది. గందుకే దినాం తుడుస్త నేను. ఇది చెడిపోయి మూలకుండె, తుడవలే. తప్పు నాదే.”

ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టబోయింది. నేను పట్టుకుని ఆపాను.

“వద్దక్కా. ఒక్క దినం ఉండనియ్యి.”

“ఆమె నీకు చెప్పలేదంటే అది ఆమె సొంతం తమ్మీ. నువ్వు పెనిమిటివైనా సరే. నేను చూసుడు తప్పు, నువ్వు చూసుడు గూడ తప్పే.”

“పదకొండు నెలలైంది అక్కా... ఆమె పేరు ఎవరన్నా పిల్వక.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. రేపు మూసేవరకే అంది. ‘పని చేయదు’ అని కాగితం రాసి తెరకు అతికించింది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. చివరిదాకా నా మాట కోసమే ఆగిందా? నేను ఎప్పటికీ ఒప్పుకోనని విసిగి వదిలేసిందా? నా మీద కోపంతోనే పోయిందా? అదొక్కటి తెలిస్తే చాలు అనిపించింది. అడగడానికి మనిషేది?

శనివారం. సన్నగా వాన. ఫ్యాక్టరీల ఘాటు వాసన నేలబారుగా కమ్మేసింది. నేను పోయేసరికి సెంటర్‌లో ఎస్తేరక్క తప్ప ఎవరూ లేరు. కాగితం అతికించినట్టే ఉంది. గోటితో మెల్లగా తీశాను. తెర వెలిగించి ఆ సైటును మళ్లీ తెరిచాను. సరిగ్గా అప్పుడే... కరెంటు పోయింది.

గదంతా చీకటి. కింద యూపీఎస్ మొదలైంది. కీచ్... కాసేపు ఆగి... కీచ్. నా ముందు తెర ఒక్కటే వెలుగుతోంది. పేజీ దిగుతోంది. నీలం పట్టీ. ఆమె పేరు. ఒకటో పేజీ... రెండో పేజీ... కీచ్... మూడో పేజీ.

‘మీ భర్త ఒప్పుకున్నారా?’

గుండ్రం... నిండి ఉంది.

‘అవును’ పక్కన ఉన్నది.

నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మాత్రం తెలిసింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. తిరక్కుండా ఉండాలన్నా భయమే. మీరు నమ్మరు... ఆ భయంలోనే ఎక్కడో చిన్న సంతోషం కూడా ఉంది.

“అక్కా... దీని మీద ఎవరన్నా కూసున్నరా?”

ఆమె కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. “కాయితం అతికిచ్చిన గద. ఎవ్వరు కూసోలే.”

“నువ్వు ముట్టినవా? ఒట్టు పెట్టు.”

“మేం యేసును నమ్మినోళ్లం, ఒట్లు పెట్టం తమ్మీ. లేదంటే లేదు.” తెర చూసింది. కొవ్వొత్తి వంగి మైనం బల్ల మీద పడుతున్నా చూసుకోలేదు. “నిన్న లేసేటప్పుడు నీ చెయ్యి తాకిందేమో?”

“తాకితే నిలుస్తదా?”

“...నిల్వది. కింద సేవ్ నొక్కాలె.”

నిన్న నేను కంగారుగా లేచిన మాట నిజమే. కానీ రెండూ ఖాళీగా ఉండటం చూసే తెర కట్టేశాను. చూశాననే అనుకుంటున్నాను. పోనీ ఎస్తేరక్కే నా మీద జాలిపడి నొక్కిందా? కాగితం తీసి మళ్లీ అతికించిన ఆకతాయి ఎవడైనా ఉన్నాడా? ఇన్నేళ్లుగా అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉన్నాను.

కరెంటు వచ్చింది. చీటీలన్నీ తుడిచేయాలా అని అడిగే గడిని ఎస్తేరక్క తెర మీదికి తెచ్చింది. “నువ్వు నొక్కుతవా, నేను నొక్కాల్నా?” అంది, మెల్లగా. ఎవరెవరో వచ్చి కూర్చుని నా మంజుల మనసు చదువుతారన్న ఆలోచన వచ్చింది. నేనే నొక్కాను.

పేజీ మళ్లీ దిగింది. ‘స్వాగతం. మీరు కొత్తవారా? మీ పేరు?’ అంతే. ఆస్పత్రిలో రాని ఏడుపు అక్కడొచ్చింది. ఎస్తేరక్క చూడనట్టు పోయి షట్టర్ సగం దించింది.

ఏమనుకున్నానో ఏమో, నా పేరు కొట్టాను. ఊరు కొట్టాను, పని కొట్టాను. మూడో పేజీ వచ్చింది.

‘మీ భార్య ఒప్పుకున్నారా?’

రెండు ఖాళీ గుండ్రాలు. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ ముందటి దరఖాస్తులో ‘అవును’ నొక్కింది మంజులే అని ఎవరైనా గట్టిగా చెబితే నేనూ నొక్కేవాణ్ని. చెప్పేవాళ్లు లేరు. ఏదీ నొక్కకుండానే లేచాను. లేస్తూ మాత్రం “అవును” అన్నాను, పైకే, ఆ రాత్రి అన్నం ముందు అనాల్సిన మాట. వినడానికి ఆ గదిలో ఎస్తేరక్క ఒక్కతే ఉంది... ఒక్కతే ఉందని నేను గట్టిగా చెప్పలేను.